గంజి నూకలు, దేశం అప్పు

మొన్న ఫోన్లో మీలో చిన్నది అడిగింది, "అమ్మమ్మా, దేశం అప్పు చేస్తే ఎవరు తీర్చాలి?" అని. పరీక్షకి చదువుకుంటోందట. పుస్తకంలో ఏం రాశారో నాకు తెలీదు. నాకు తెలిసిన సంగతి ఒకటుంది గానీ, ఫోన్లో చెబితే సగంలోనే మీకు ఇంకో ఫోన్ వస్తుంది. భవానీపురంలో మధ్యాహ్నాలు నాకు ఖాళీనే. అందుకని రాస్తున్నాను. తలా ఒక ఊళ్లో ఉన్నారు కదా, ఒకరు చదివి ఇంకొకరికి పంపుకోండి.

అప్పటికి నాకు పదేళ్లో, పదకొండేళ్లో. యుద్ధం అయిపోయింది. తెల్లవాళ్లు ఇంకా వెళ్లలేదు, వెళ్లిపోతారని మాత్రం అందరూ గట్టిగా అంటున్నారు. విజయవాడని అప్పుడు బెజవాడ అనే అనేవాళ్లం. మా ఊరు దానికి దిగువన, కాలవ గట్టు మీద. మాది నేత వీధి. ఇంటింటా మగ్గం. నాన్న మగ్గం కింద తవ్విన గుంటలో కూర్చుని నేసేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. నాన్నకి అక్క, మా మేనత్త, మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. రాట్నం ఆడించడంలోనూ నోరు ఆడించడంలోనూ వీధిలో ఆమెకి సాటి లేదు.

మీరు మగ్గం చూసి ఉండరు కాబట్టి ఒక్క విషయం చెప్పాలి. వట్టి నూలు మగ్గానికి తట్టుకోదు, తెగిపోతుంది. అందుకని నిలువు పోగులన్నీ కలిపి, పడుగు అంటాం, దాన్ని వీధి పొడుగునా సాగదీసి కట్టి, బియ్యపు గంజి పట్టిస్తారు. ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ, పెద్ద కుంచెలతో దువ్వుతారు. తడి ఆరేదాకా ఆపకూడదు. ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుని పడుగు పాడవుతుంది. వీధిలో పడుగు తడిగా ఉందంటే బండి గానీ మనిషి గానీ దాన్ని దాటరు. పెళ్లివారొచ్చినా చుట్టూ తిరిగి పోవలసిందే.

యుద్ధంలో బియ్యం కంట్రోలు చేశారు. కార్డు చూపిస్తే డిపోలో ఇంత అని కొలిచి పోసేవాళ్లు. నేతవాళ్లకి మాత్రం గంజి కోసమని కాసిని నూకలు విడిగా ఇచ్చేవాళ్లు. గంజి నూకలు అనేవాళ్లం. యుద్ధం అయిపోయింది కదా, ఇంక అన్నీ మామూలుగా దొరుకుతాయని అనుకుంటూ ఉండగా ఆ నూకలు ఆపేశారు. ఎందుకండీ అంటే ప్రభుత్వానికి అప్పులున్నాయి, పొదుపు చేస్తోంది అన్నాడు డిపో గుమస్తా. యుద్ధం జరుగుతున్నంతకాలం ఉన్న నూకలు శాంతి రాగానే పోయాయి. చల్లపల్లి వైపు నుంచి ధాన్యం బస్తాలు పడవల్లో మా కళ్ల ముందే కాలవ మీద బెజవాడ పోతుండేవి. గట్టున నిలబడి చూడ్డానికి మాత్రం కార్డు అక్కర్లేదు.

మా ఇంటికి ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, అప్పటికి నాన్న దగ్గర ఒకే ఒక పడుగు ఉంది. నూలు కూడా పర్మిట్టు మీదే. నేసిన బట్ట అప్పగిస్తేనే మళ్లీ నూలు. ఈ పడుగు పాడైతే అప్పగించడానికి బట్ట ఉండదు, బట్ట లేకపోతే నూలు రాదు, నూలు లేకపోతే మగ్గం ఆగిపోతుంది. బెజవాడ రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసే పని ఉందేమోనని నాన్న అప్పటికే ఒకరిద్దర్ని అడిగి పెట్టుకున్నాడు.

"మగ్గం గుంట పూడ్చేస్తే అక్కడో మంచం పడుతుంది. ఇల్లు విశాలంగా ఉంటుందిలే" అన్నాడు ఓ రోజు నవ్వుతూ.

అమ్మ నవ్వలేదు. కండె చుట్టడం ఆపి, మగ్గం వైపు ఓసారి చూసి, మళ్లీ చుట్టుకుంది.

నూకలు మళ్లీ ఇవ్వాలని బెజవాడలో పెద్ద ఊరేగింపు తీశారు. చుట్టుపక్కల ఊళ్ల నేతవాళ్లంతా వెళ్లారు. నాన్న కూడా వెళ్లాడు. మర్నాడు కాళ్లు బొబ్బలెక్కి తిరిగొచ్చాడు.

"ఏమైందిరా?" అంది అత్త.

"ఆఫీసు ముందు నిలబడి అరిచామే అక్కా. పైన ఇంత పొడుగు బట్ట కట్టారు, 'పొదుపే దేశసేవ' అని రాసి. అది మిల్లు బట్టా, చేనేతా అని మావాళ్లలో మాటొచ్చింది. మిల్లు బట్టే. నేసినవాడు అంచు దగ్గర పోగులు వదిలేశాడు. అదే చూస్తూ..."

"అరవడం మానేశారా?"

"కాసేపు."

"బాగుంది. ప్రభుత్వానికి అంచు ఎలా వేయాలో చెప్పొచ్చారన్నమాట."

కానీ ఊరేగింపు వృథా పోలేదు. పొదుపు సంగతులు చూసే ఆఫీసరొకాయన వసారాలోకి వచ్చి, మీకు దేశం అప్పు గురించి అర్థం కాకపోవడం వల్లే ఈ గొడవంతా, మీ ఊరికి నేనే వచ్చి విడమరిచి చెబుతాను అన్నాడట. రోజు కూడా చెప్పాడట.

మా వీధిలో నేతవాళ్ల సంఘానికి ఒక పెద్దాయన ఉండేవాడు. పల్చటి మనిషి, ఎప్పుడూ భుజాన కండువా. నెమ్మదిగానే మాట్లాడేవాడు గానీ ఆ మాటంటే వీధికి గౌరవం. ఆయన ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. స్టేషను నుంచి వచ్చే బజారు రోడ్డు మీద ఒక పడుగు కట్టాలి, గంజి లేకుండా. ఆఫీసరు బండి దిగి చేత్తో ముట్టుకోవాలి. పోగులు తెగడం ఆయనే చూడాలి. అప్పుడు ఎవరి పాఠం ఎవరికి చెప్పాలో తేలిపోతుంది.

ఉపాయం అందరికీ నచ్చింది. ఎవరి పడుగు అన్న దగ్గర ఆగింది. వీధి మొత్తంలో తయారుగా ఉన్నది మాదొక్కటే.

"ఎండకి అలా వట్టిగా ఉంచితే..." అని నసిగాడు నాన్న.

"ఎంతసేపయ్యా? రైలు దిగుతాడు, చూస్తాడు, తీసేస్తాం. నాలుగు పోగులు తెగితే అతుక్కుంటావు. వీధి కోసం ఆ మాత్రం చెయ్యవా?"

వీధి కోసం అన్నాక నాన్న ఇంకేమంటాడు? పెద్దాయన కట్టుబాటు కూడా పెట్టాడు. ఆ రోజు ఏ ఇంటి నుంచీ గంజి చుక్క బయటికి రాకూడదు.

ఆ రోజు పొద్దున్నే పడుగు కట్టారు. బజారు రోడ్డు మీద తెల్లగా, తీగల్లా మెరుస్తూ, అంత పొడుగునా మా పడుగు. వీధంతా రోడ్డుకి రెండు పక్కలా చేరింది. రైలు రాలేదు. రెండు స్టేషన్ల అవతల ఆగిపోయిందని ఎవరో చెప్పారు. ఎండెక్కింది. పడమటి గాలి లేచింది. ఆ గాలి సంగతి మీకు తెలీదు, ఉతికిన చీర పిండేలోపే ఆరిపోతుంది. వట్టి నూలు దానికెలా ఆగుతుంది? ఒక పోగు తెగింది. నాన్న వెళ్లి వేళ్లతో అతికాడు. ఇంకోచోట రెండు తెగాయి. నాన్న అటు పరిగెత్తాడు. అంతలో ఇటు తెగింది. మొదట్లో మనుషులు, "తెగనీ, తెగనీ, దొరగారు చూడాలి" అంటూ నవ్వుకున్నారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న వాళ్లందరూ నేతవాళ్లే. పోగు తెగుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డం వాళ్ల వల్ల అయ్యే పని కాదు. కొందరు తలలు తిప్పుకున్నారు.

అత్త లేచింది.

"ఎక్కడికే అక్కా?" అన్నాడు నాన్న.

"పొయ్యి మీద గంజి పొంగుతుందేమో చూసొస్తా."

చూసొస్తానని వెళ్లినామె చట్టితో తిరిగొచ్చింది. మా మధ్యాహ్నం అన్నం గంజిలోనే పిసికి, గుడ్డలో వడకట్టి తెచ్చింది.

పెద్దాయన ఎదురొచ్చాడు. "ఏమమ్మా, కట్టుబాటు ఏమైంది?"

"కట్టుబాటు రేపు కూడా ఉంటుంది అన్నయ్యగారూ. పడుగు ఉండదు. కాస్త జరగండి."

ఆయన జరిగాడు. అత్త వెనకే పక్కింటామె వచ్చింది. ఆ వెనక ఇంకొకామె. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఇళ్లల్లోకి వెళ్లడం, చట్టితో రావడం. కాసేపట్లో వీధి అన్నమంతా బజారు రోడ్డు మీదికి వచ్చేసింది. నాన్న కుంచె అందుకున్నాడు. కానీ కుంచె ఒక పక్క నుంచి వేస్తే చాలదని చెప్పాను కదా, అవతల పక్క ఇంకో మనిషి ఉండాలి. మగవాళ్లంతా పెద్దాయన మొహంలోకి చూశారు. పెద్దాయన తెగుతున్న పోగుల్ని చూశాడు, స్టేషను వైపు చూశాడు, మళ్లీ పోగుల్ని చూశాడు. కండువా తీసి నడుముకి బిగించి, తనే రెండో కుంచె పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడొచ్చింది జట్కా.

జట్కా తోలేది మా ఊరి సాయిబుగారు. పడుగు చూడగానే కళ్లెం లాగాడు.

"దిగండి సార్. బండి ఇంక ముందుకి పోదు."

"పక్క నుంచి పోనీవయ్యా" అన్నాడు ఆఫీసరు.

"తడి పడుగు సార్. నేను తోలినా గుర్రం కదలదు. దానిక్కూడా తెలుసు."

ఆఫీసరు దిగాడు. కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని, చెమటలు కక్కుతూ ఉన్నాడు పాపం. చెడ్డమనిషి కాదు. అందర్నీ అండీ అనే పిలిచాడు. పడుగునీ, కుంచెల్నీ, వరసగా పెట్టిన చట్టుల్నీ చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"భేష్! గంజి నూకలు ఆపేస్తే నేత ఆగిపోతుందని నా ఆఫీసు ముందు అరిచారు. ఏదండీ, ఆగిందా?"

జవాబు చెప్పవలసిన పెద్దాయన కుంచె వేస్తూ అవతలి చివరికి పోతున్నాడు. ఆగడానికి లేదు, పడుగు తడిగా ఉంది. ఆఫీసరు గొడుగు వేసుకుని ఆయన పక్కనే నడక మొదలుపెట్టాడు. అలా దేశం అప్పు పాఠం మొత్తం నడుస్తూనే జరిగింది. వాళ్లు అటు పోతే మేమందరం అటు, ఇటు వస్తే ఇటు. చిన్నపిల్లలకి అది తిరనాళ్లలా ఉంది.

"ప్రభుత్వం అంటే పెద్ద సంసారం అనుకోండి" అన్నాడు ఆఫీసరు. "యుద్ధంలో ఖర్చయింది. అప్పయింది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ కాస్త నోరు కట్టుకోవాలి."

"అప్పు చేసేముందు ఇంట్లో ఆడవాళ్లతో ఓ మాట అనరాండీ?" అంది అత్త చట్టి వంపుతూ.

అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. "యుద్ధం మీద పడ్డాక అడిగే టైమెక్కడుందమ్మా?"

"తీర్చమనడానికి మాత్రం టైం చూసుకుని, రైలెక్కి మరీ వచ్చారు."

పెద్దాయన కుంచె ఆపకుండా అడిగాడు. "అయ్యా, మన సరుకూ, మన మనుషుల్నీ వాళ్ల యుద్ధానికి వాడుకున్నందుకు ఇంగ్లండు సీమ ప్రభుత్వమే మనకి బాకీ పడిందని పేపర్లో చదివారండీ మావాళ్లు. అది వసూలు చేస్తే మా నూకలు మాకు రావా?"

"అది వేరే పద్దు. వాళ్లకీ ఇబ్బందులున్నాయి. వీలు చూసుకుని ఇస్తారు. తొందరపెట్టడం మర్యాద కాదు."

"మరి మనం ఇవ్వాల్సింది?"

"అది వెంటనే ఇచ్చి తీరాలి. లేకపోతే దేశం పరువేం కావాలి?"

"ఎవరికివ్వాలండీ?" అన్నాడు నాన్న. ఆ రోజు ఆయన మాట్లాడింది అదొక్కటే.

"బాండ్లు కొన్నవాళ్లకి. అంటే పరాయివాళ్లెవరూ కాదు, చాలామటుకు మన దేశంలోని పెద్దమనుషులే. కాబట్టి ఒకరకంగా మనం మనకే బాకీ ఉన్నాం."

అత్త చట్టి కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "అయితే ఆ పుచ్చుకునే మనం ఇంకో వీధిలో ఉన్నట్టున్నారండీ. ఈ వీధిలో ఇచ్చే మనమే ఉన్నాం."

ఆఫీసరుకి అది పరిహాసమనిపించలేదు. పాఠం అర్థమవుతోందని సంతోషించాడు. "అంతే, అంతే" అన్నాడు. తర్వాత చట్టుల వైపు చూసి, "ఇంతకీ ఈ గంజి ఎక్కడిదమ్మా?" అని అడిగాడు.

"మధ్యాహ్నం అన్నమండీ. వీధంతటిదీ. ఈ పూట ఎవరి ఇంట్లోనూ తినడానికేం లేదు."

ఇప్పుడైనా అర్థమవుతుందని అందరూ ఆశగా చూశారు. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే కళ్లు తడి అయ్యాయి.

"దేశం కోసం నోటి ముందు అన్నం వదులుకున్నారా! ఇదండీ త్యాగమంటే. ఇది నేను పైకి రాస్తాను. తప్పకుండా రాస్తాను."

వద్దండీ, రాయకండీ అని పెద్దాయన అక్కడి నుంచే కేకేశాడు. ఆఫీసరు అది వినయం అనుకున్నాడు.

పడుగు ఆరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయనకి, ఊరికొచ్చిన ఆఫీసరుకి భోజనం పెట్టాలి కదా అని. ఆయనకి ఆ మాట అడగడానికి మొహం చెల్లలేదు. ఏ ఇంట పెడతారు? మెతుకు మెతుకూ పడుగు మీద ఉంది. మజ్జిగ మాత్రం ఇచ్చారు. ఆఫీసరు ఒక్క గుక్కలో తాగి, "ఈ పూట నేనూ మీతోపాటు ఉపవాసమే" అని గంభీరంగా జట్కా ఎక్కాడు. జనం చేతులెత్తి దణ్ణాలు కూడా పెట్టారు.

మర్నాడు సాయిబుగారు చెప్పాడు. స్టేషను పక్క హోటలు దగ్గర బండి ఆపించి, ఇడ్లీల మీద ఇడ్లీలు లాగించి, పైన ఓ అట్టు వేయించుకున్నాడట. "నాక్కూడా పెట్టించాడులెండి. మంచివాడే" అన్నాడు.

కొన్ని వారాలకి ఆర్డరు వచ్చింది. ప్రత్యేకంగా నూకలు లేకపోయినా, ఇంటి బియ్యంలో పొదుపు చేసుకుంటే గంజికి సరిపోతాయని మా ఊరి నేతవాళ్లు చేసి చూపించారట. కాబట్టి గంజి నూకలు ఇంక ఎవరికీ లేవు. పక్క ఊళ్ల నేతవాళ్లు పనిగట్టుకుని కాలవ దాటి వచ్చి మమ్మల్ని తిట్టిపోయారు. "మా ఇళ్లల్లో అన్నం కూడా మీరే త్యాగం చేశారేంటయ్యా?" అన్నారు.

ఆ సాయంత్రం పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ చట్టి వల్ల అందరి నూకలూ పోయాయమ్మా" అన్నాడు అత్తతో. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు.

అత్త నోరు తెరిచేలోపు తలుపు చాటు నుంచి అమ్మ మాట్లాడింది. పరాయి మగవాళ్ల ముందు అమ్మ మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

"ఆ రోజు పడుగు పోయుంటే ఈయన ఈపాటికి బెజవాడలో బస్తాలు మోస్తూ ఉండేవారు. నూకలు వచ్చేవి, వాటిని పోసుకోడానికి మాకు మగ్గం ఉండేది కాదు. అప్పుడు నూకలు ఏం చేసుకోవాలండీ?"

"మగ్గం మీదున్నది ఆ పడుగేనా?" అని పెద్దాయన లోపలికి వచ్చాడు.

బట్ట సగానికి పైగా నేత అయింది. ఆయన వంగి, నేసినంతమేరా అరచేత్తో తడుముతూ పోయాడు. ఇన్ని ఇళ్ల గంజి కదా, ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేదు. ఒకచోట అట్టలా బిర్రుగా, ఒకచోట మెత్తగా జారిపోతూ ఉంది. అత్తకి మళ్లీ హుషారొచ్చింది.

"ఇదిగో, ఇక్కడ చూడండి ఎంత బిర్రుగా ఉందో. ఇది నాదే. ఇది పక్కింటామెది, ఉప్పు వేసిన గంజే పోసేసింది మహాతల్లి. ఇక్కడ మెత్తబడింది చూశారూ? ఇది మీ ఇంటిదే అన్నయ్యగారూ, మీ ఆవిడ చట్టి ఇక్కడే వంపింది. అన్నీ నీళ్లే."

పెద్దాయన ఆ మెత్తటి చోట చెయ్యి ఆనించి ఉంచాడు.

"మా ఇంట్లో ఆ పూటకి అంతే ఉన్నాయమ్మా" అన్నాడు.

నాన్న మగ్గం గుంటలోకి దిగి, ఆ మెత్తటి జాగా దాటి, నెమ్మదిగా నేత సాగించాడు.

బట్ట అప్పగించాం. నూలు వచ్చింది. గూడ్స్ షెడ్డు మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వీధిలో ఆ తర్వాత గంజి పెట్టవలసిన పడుగు పెద్దాయనది. ఆ రోజు ఎవరూ పిలవకముందే అత్త చట్టి ఎత్తుకుని బయల్దేరింది. నేను వెనకాలే వెళ్లాను. గంజి చిక్కగా ఉంది, గరిటె నిలబడేంత చిక్కగా. అత్త మొదట పెద్దాయన భార్య చట్టిలోకి సగం వంపి, ఆ తర్వాత మిగతాది పడుగు మీద పోసింది. ఆ పూట మా ఇంట్లో నాన్న కంచంలో మాత్రం కాస్త అన్నం ఉంది. మేము ముగ్గురం మజ్జిగ తాగి పడుకున్నాం.